డిస్కు వేగం కోసం ఫైల్ సిస్టమ్ సెట్టింగులు: ఏవి మార్చాలి, ఏవి ముట్టుకోకూడదు

భీమవరంలో రొయ్యల మేత డీలరు దగ్గర టాలీ నడిచే కంప్యూటరు, మండపేట రైసుమిల్లులో లెక్కలు రాసే కంప్యూటరు, పాలకొల్లులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో కంప్యూటరు, అమలాపురంలో అర్జీలు స్కాన్ చేసే సెంటరు కంప్యూటరు. నాలుగింటి మీదా వచ్చే ఫిర్యాదు ఒకటే: స్లో అయిపోయింది. కానీ నాలుగు చోట్లా డిస్కు చేసే పని వేరు. టాలీ చిన్న చిన్న రాతలు మాటిమాటికీ రాస్తుంది. స్టూడియోలో ఒక్కో ఫైలే పది, ఇరవై జీబీలు ఉంటుంది. స్కానింగ్ సెంటర్లో 30 కేబీ ఫైళ్ళు లక్షల్లో పోగవుతాయి. కాబట్టి ఒకరికి పనిచేసిన చిట్కా ఇంకొకరికి పనిచేయదు, ఒక్కోసారి నష్టమే చేస్తుంది.

నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న ఇబ్బంది కరెంటు. వేసవిలో లోడు, తుపాను రోజుల్లో తెగే లైన్లు, మామూలు రోజుల్లోనూ రెప్పపాటు పోయి వచ్చే సరఫరా. డిస్కు వేగం గురించి చెప్పే చిట్కాల్లో చాలావరకు కరెంటు పోదన్న నమ్మకం మీద నడిచేవే. అందుకే ఇక్కడ ప్రతి సెట్టింగునీ రెండు ప్రశ్నలతో చూద్దాం: ఈ పనికి దానివల్ల ఎంత లాభం? సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే ఏం పోతుంది?

ఆదేశాల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మొదట కాపీ, తర్వాత డిస్కు ఆరోగ్యం

ముఖ్యమైన డేటా ఇంకో డిస్కులోకి కాపీ కాకుండా కింద చెప్పిన ఏ పనీ మొదలుపెట్టకండి. కాపీ అయ్యాక అందులోంచి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూడండి. తెరుచుకోని కాపీని కాపీగా లెక్కపెట్టకూడదు.

తర్వాత డిస్కు ఏ రకమో తెలుసుకోండి. స్టార్ట్ మెనూలో డీఫ్రాగ్ అని కొడితే 'డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్' వస్తుంది. అందులో మీడియా టైప్ కింద హార్డ్ డిస్క్ డ్రైవా (లోపల పళ్ళెం తిరిగేది), సాలిడ్ స్టేట్ డ్రైవా (ఎస్‌ఎస్‌డీ, తిరిగే పళ్ళెం లేనిది) అన్నది కనిపిస్తుంది. ముందు ఇది తేల్చుకోండి, తర్వాతి నిర్ణయాలన్నీ దీన్ని బట్టే ఉంటాయి.

ఇక స్మార్ట్ రీడింగులు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి మూడు వరుసలు చూడండి. 05, అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు (డిస్కు మీద డేటా రాసే చిన్న గళ్ళు). సీ5, అంటే చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు. ఈ రెండింటి రా విలువ సున్నా ఉండాలి. సున్నా కాకుండా, వారం వారం పెరుగుతోందంటే ఆ డిస్కుకు సెట్టింగులతో పని లేదు, మార్చేయాలి. మూడోది సీ7. ఇది కేబుల్లో డేటా చెడిన లెక్క. డిస్కు బాగానే ఉండి ఇది పెరుగుతుంటే తప్పు సాటా కేబుల్‌దో, కనెక్టర్‌దో. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులు మసకబారతాయి. మిల్లుల్లో ఊకదుమ్ము చేరుతుంది. కొత్త కేబుల్ వేసి, దుమ్ము ఊది, సీ7 అంకె రాసిపెట్టుకోండి. పాత లెక్క చెరిగిపోదు కాబట్టి అంకె తగ్గదు. పెరగడం ఆగితే చాలు.

డిస్కు తేడాగా ఉందనగానే చాలామంది చెక్‌డిస్క్ అనే తనిఖీ ఆదేశాన్ని స్లాష్ ఆర్‌తో నడుపుతారు. పాడవుతున్న డిస్కు మీద అది చివరి దెబ్బ అవుతుంది, ఎందుకంటే ప్రతి సెక్టారునీ చదివిస్తూ గంటల తరబడి శ్రమ పెడుతుంది. డేటా బయటికి తీశాకే నడపాలి. ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు) లెక్కలు సరిచేయడానికి స్లాష్ ఎఫ్ చాలు. అసలు ఏ స్లాషూ లేకుండా నడిపితే చూసి చెబుతుందే తప్ప ఏమీ మార్చదు. మొదట అలాగే నడపండి. సీ డ్రైవ్‌కు 'తర్వాతి స్టార్టులో చేయమంటారా' అని అడిగితే సరేనని, షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ ఇవ్వండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు.

కొలవకుండా మార్చొద్దు

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో డిస్క్ తెరవండి. రోజూ చేసే పని ఒకటి నడుపుతూ యావరేజ్ రెస్పాన్స్ టైమ్ చూడండి. హార్డ్ డిస్కుకు 20 మిల్లీసెకన్ల లోపు ఉంటే బాగానే ఉన్నట్టు. వందల్లో నిలబడితే డిస్కు ఊపిరాడక కొట్టుకుంటోంది. ఏ ఫైలు కోసం కొట్టుకుంటోందో రిసోర్స్ మానిటర్‌లో డిస్క్ ట్యాబ్ చెబుతుంది. చాలాసార్లు అక్కడే జవాబు దొరుకుతుంది: యాంటీవైరసో, వెతకడానికి పట్టిక కట్టే ఇండెక్సింగో, ర్యామ్ చాలక విండోస్ డిస్కులో వాడుకునే పేజ్‌ఫైలో. పేజ్‌ఫైలు పైన కనిపిస్తుంటే ఫైల్ సిస్టమ్‌ను వదిలేసి ముందు ర్యామ్ పెంచండి.

ఇంకో కొలత కూడా పెట్టుకోండి. పది జీబీల ఫోల్డరు ఒకటి కాపీ చేస్తూ గడియారం చూడండి. ప్రతి కొలతకు ముందు కంప్యూటరు రీస్టార్ట్ చేయాలి. లేకపోతే రెండోసారి విండోస్ ఆ ఫైళ్ళను ర్యామ్‌లోంచి ఇస్తుంది, మీరేమో సెట్టింగు పనిచేసిందనుకుంటారు. ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చండి.

రైట్ క్యాషింగ్: రెండు టిక్కులు, ఒక్కటే పెట్టాలి

డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ కింద మీ డిస్కు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పాలసీస్ ట్యాబ్. అక్కడ రెండు గళ్ళు ఉంటాయి.

మొదటిది 'ఎనేబుల్ రైట్ క్యాషింగ్ ఆన్ ద డివైస్'. రాయాల్సిన డేటాను డిస్కు ముందు తనలోని చిన్న మెమరీలోకి తీసుకుని, వరుస సర్దుకుని, తర్వాత పళ్ళెం మీదికి రాస్తుంది. దీన్ని తీసేస్తే హార్డ్ డిస్కు బాగా నెమ్మదిస్తుంది. ఇది ఉండాలి. మామూలుగా ఉంటుంది కూడా.

రెండోది 'టర్న్ ఆఫ్ విండోస్ రైట్ క్యాష్ బఫర్ ఫ్లషింగ్ ఆన్ ద డివైస్'. వేగం పెరుగుతుందని వీడియోల్లో పెట్టమనేది దీన్నే. గోదావరి డెల్టాలో ఏ ఆఫీసు కంప్యూటరుకూ ఇది పెట్టకూడదు. కారణం ఇది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ తాను చేయబోయే మార్పును ముందు జర్నల్‌లో రాసుకుని, అసలు చోట్లో తర్వాత రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే జర్నల్ చూసి సరిచేసుకుంటుంది. ఈ ఏర్పాటంతా ఒక్క షరతు మీద నిలబడింది: 'ఇప్పటిదాకా ఇచ్చింది పళ్ళెం మీద పడేదాకా ఆగు' అని విండోస్ చెప్పే మాట డిస్కు వినాలి. ఆ మాటే ఫ్లష్. రెండో గడిలో టిక్ పెడితే ఆ మాట చెప్పడమే మానేస్తుంది. అప్పుడు జర్నల్ కంటే ముందు అసలు మార్పు పడొచ్చు, సగమే పడొచ్చు. కరెంటు వచ్చాక ఫోల్డర్లు మాయమవడం, టాలీ కంపెనీ తెరుచుకోకపోవడం ఇలాంటప్పుడే జరుగుతాయి.

పైగా, ఎన్‌టీఎఫ్‌ఎస్ జర్నల్ కాపాడేది ఫైళ్ళ పేర్లు, సైజులు, చోట్ల లెక్కను. ఫైలు లోపలి డేటాను కాదు. ఫ్లష్ సరిగ్గా జరుగుతున్నా చివరి కొన్ని సెకన్ల ఎంట్రీలు పోయే వీలుంది. అందుకని అసలు జాగ్రత్త యూపీఎస్‌దే.

మామూలు 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్ళు దాని ఆయుష్షు. చుట్టూ వేడి 25 డిగ్రీల కంటే ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి, బల్ల కింద గాలాడని మూలలో తోసిపెట్టకండి. మూడు నెలలకోసారి ఫైళ్ళన్నీ మూసేసి, యూపీఎస్ ప్లగ్గు తీసి చూడండి. కనీసం ఐదు నిమిషాలు నిలవాలి. వెంటనే కూతపెట్టి ఆగిపోతే బ్యాటరీ మార్చే రోజు వచ్చినట్టే. ఇంటి ఇన్వర్టరు మీదే కంప్యూటరు నడుపుతుంటే, దాని వెనకో ముందో ఉండే స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మారే వ్యవధి ఎక్కువై కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టరు ఉంది కదా అన్న ధీమాతో ఉన్న చోట్లే ఈ పొరపాటు ఎక్కువ.

యూఎస్‌బీ డిస్కులకు ఇదే ట్యాబ్‌లో 'క్విక్ రిమూవల్', 'బెటర్ పెర్ఫార్మెన్స్' అని రెండు ఎంపికలు కనిపిస్తాయి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవలే డిఫాల్ట్. పెన్‌డ్రైవులకు అలాగే ఉంచండి. బయటి డిస్కు మీదే నేరుగా ఎడిటింగ్ చేసే స్టూడియోవాళ్ళకు బెటర్ పెర్ఫార్మెన్స్ లాభమే. అయితే ప్రతిసారీ 'సేఫ్లీ రిమూవ్' చేసి తీరాలి. ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే రెండున్నర అంగుళాల డిస్కుకు ల్యాప్‌టాప్ బ్యాటరీ అండగా ఉంటుంది. సొంత అడాప్టరున్న మూడున్నర అంగుళాల డిస్కుకు ఆ అండ లేదు. దాని అడాప్టరు యూపీఎస్‌లో ఉంటేనే ఈ ఎంపిక పెట్టండి.

అలొకేషన్ యూనిట్ సైజ్

ఫైల్ సిస్టమ్ డిస్కును సమాన ముక్కలుగా కోసి ఫైళ్ళకు పంచుతుంది. ఆ ముక్క సైజే అలొకేషన్ యూనిట్, క్లస్టర్ అని కూడా అంటారు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 16 టీబీల లోపు డ్రైవులకు డిఫాల్టు 4 కేబీ. గోడౌన్లో 75 కిలోల బస్తాలో ఇరవై కిలోల ధాన్యమే ఉన్నా బస్తా చోటు తీసుకుంటుంది కదా, ఇదీ అంతే. పది కేబీల ఫైలు 4 కేబీ క్లస్టర్లలో 12 కేబీలు తింటుంది, 64 కేబీ క్లస్టర్లలో 64 తింటుంది.

స్కానింగ్ సెంటర్ లెక్క వేద్దాం. 30 కేబీ చొప్పున రెండు లక్షల ఫైళ్ళు. 4 కేబీ క్లస్టర్లతో సుమారు 6 జీబీలు, 64 కేబీ క్లస్టర్లతో సుమారు 12 జీబీలు. పైసా లాభం లేకుండా చోటు రెట్టింపు పోతుంది. టాలీ డేటాకు కూడా 4 కేబీయే మంచిది.

స్టూడియోకి లెక్క తిరగబడుతుంది. ఇరవై జీబీల వీడియోను 4 కేబీ ముక్కల్లో పెడితే యాభై లక్షలకు పైగా ముక్కల లెక్క ఉంచాలి. డ్రైవు నిండే కొద్దీ అవి దూరదూరంగా పడతాయి. 64 కేబీలు పెడితే ఆ లెక్క పదహారో వంతుకు తగ్గుతుంది, ఫైలు చెల్లాచెదురవడమూ తగ్గుతుంది. వీడియోలు తప్ప మరేవీ పెట్టని హార్డ్ డిస్కుకు 64 కేబీ పెట్టండి. ఎస్‌ఎస్‌డీలో ఈ తేడా అంతగా తెలియదు.

క్లస్టర్ సైజు మార్చాలంటే మళ్ళీ ఫార్మాట్ చేయాలి. పద్ధతి: డేటా మొత్తం ఇంకో డిస్కుకు కాపీ, సరిచూసుకోవడం, దిస్ పీసీలో డ్రైవు మీద రైట్ క్లిక్, ఫార్మాట్, ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్, అలొకేషన్ యూనిట్ సైజ్ 64 కిలోబైట్లు, క్విక్ ఫార్మాట్, స్టార్ట్. తర్వాత డేటా వెనక్కి. పెళ్ళిళ్ళ సీజన్లో, డెలివరీలు నెత్తి మీదుండగా ఈ పని పెట్టుకోకండి. మూఢం రోజులు దీనికి మంచి సమయం. 4 కేబీ కంటే పెద్ద క్లస్టర్ పెడితే ఎన్‌టీఎఫ్‌ఎస్ కంప్రెషన్ పనిచేయదన్నది ఒకటి గుర్తుంచుకోండి. వీడియోలకు ఆ కంప్రెషన్‌తో ఎలాగూ పనిలేదు, అవి ముందే కుదించి ఉంటాయి.

చేతులు మారే డిస్కుకు ఫ్యాట్32 వాడొద్దు. అందులో ఒక ఫైలు 4 జీబీలు దాటదు, చోటున్నా 'ఫైల్ ఈజ్ టూ లార్జ్' అంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ హద్దు లేదు, మ్యాక్‌లోనూ నడుస్తుంది. కాకపోతే దానికి జర్నల్ లేదు. రాస్తుండగా కరెంటు పోతే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లా తేరుకోలేదు. అందుచేత ఎక్స్‌ఫ్యాట్ మోసుకెళ్ళే డిస్కుకే సరి, అసలు కాపీ దాచే డిస్కుకు వద్దు.

ఒకే ఫోల్డర్లో లక్ష ఫైళ్ళు

స్కానింగ్ సెంటర్లలో అసలు జబ్బు ఇది. అన్నీ ఒకే ఫోల్డర్లో, ఒకేలాంటి పేర్లతో ఉంటాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ ప్రతి పొడుగు పేరుకూ డాస్ కాలపు పొట్టి పేరు, అంటే ఎనిమిది అక్షరాలూ మూడు అక్షరాల పేరు, కూడా తయారుచేయగలదు. ఒకే మొదటి అక్షరాలతో వేల ఫైళ్ళుంటే కొత్త పొట్టి పేరు వెతకడానికే సమయం పోతుంది. అందుకే కొత్త ఫైలు సేవ్ చేయడం రోజురోజుకూ భారమవుతుంది.

మొదటి మందు ఫోల్డర్లను విడగొట్టడం: సంవత్సరం, అందులో నెల, అందులో రోజు. ఒక్కో ఫోల్డర్లో కొన్ని వేలకు మించకుండా చూడండి. దీనికి ఏ సెట్టింగూ అక్కర్లేదు, ప్రమాదమూ లేదు.

రెండోది పొట్టి పేర్లు ఆపడం. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎఫ్‌ఎస్‌యుటిల్ 8డాట్3నేమ్ క్వెరీ అని, పక్కన డ్రైవ్ అక్షరమూ కోలనూ కొట్టండి. ఆన్‌లో ఉందని వస్తే, క్వెరీ బదులు సెట్, డ్రైవ్ అక్షరం తర్వాత 1 కొట్టండి. కొత్త ఫైళ్ళకు పొట్టి పేర్లు పుట్టవు, పాతవి అలాగే ఉంటాయి. డేటా డ్రైవుకే ఇది చేయండి. సీ డ్రైవ్‌లో పాత బిల్లింగ్ ప్రోగ్రాములు పొట్టి పేర్ల దారినే వాడుతుండొచ్చు, అవి ఆగిపోతాయి.

లాస్ట్ యాక్సెస్ టైమ్ (ఫైలును చివరిసారి ఎప్పుడు తెరిచారో రాసుకోవడం) ఆపమనే చిట్కా కూడా వినిపిస్తుంది. ఎఫ్‌ఎస్‌యుటిల్ బిహేవియర్ క్వెరీ డిసేబుల్‌లాస్ట్‌యాక్సెస్ అని కొడితే 1 గాని 3 గాని వస్తే అది ఇప్పటికే ఆగి ఉంది. 0 లేదా 2 వస్తే సెట్‌తో 1 పెట్టొచ్చు. లాభం కొద్దిపాటిదే.

డీఫ్రాగ్, ఇండెక్సింగ్, ఖాళీ చోటు

హార్డ్ డిస్కుకు వారానికోసారి ఆప్టిమైజ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్) చాలు, విండోస్ షెడ్యూల్ అలాగే ఉంటుంది. రాత్రి కంప్యూటరు ఆపేస్తే ఆ షెడ్యూల్ వాయిదా పడుతూ పోతుంది కాబట్టి 'లాస్ట్ రన్' తేదీ చూసి, నెలలు దాటితే ఆదివారం చేత్తో నడపండి. పదిహేను శాతం చోటు ఖాళీ లేకపోతే సర్దడానికి వీలు చిక్కదు. ఎస్‌ఎస్‌డీకి అదే బటన్ ట్రిమ్ (చెరిపేసిన చోట్లేవో డిస్కుకు చెప్పే ఆదేశం) పంపుతుంది, అది అవసరం. బయటి డీఫ్రాగ్ ప్రోగ్రాములు ఎస్‌ఎస్‌డీ మీద నడపొద్దు, అనవసరపు రాతలతో దాన్ని అరగదీయడమే.

వీడియో డ్రైవు ప్రాపర్టీస్‌లో అడుగున, ఫైళ్ళ లోపలి విషయాన్ని ఇండెక్స్ చేయనిచ్చే టిక్ ఉంటుంది. హార్డ్ డిస్కయితే తీసేయండి. సీ డ్రైవ్‌కు ఉండనివ్వండి, లేకపోతే వెతుకులాట నెమ్మదిస్తుంది. టాలీ డేటా ఫోల్డరును యాంటీవైరస్ మినహాయింపుల్లో పెట్టొచ్చు, కానీ ఆ ఒక్క ఫోల్డరునే. మొత్తం డ్రైవును మినహాయిస్తే పెన్‌డ్రైవుల్లో తిరిగే వైరస్‌కు తలుపు తీసినట్టే.

అసెంబుల్ చేసేవాళ్ళకు ఒక అలవాటుంది: ఒకే హార్డ్ డిస్కును సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు చేసి ఇవ్వడం. వీడియో డీలో, ఎడిటింగ్ క్యాష్ ఎఫ్‌లో పెడితే డేటా చదివే హెడ్డు ఆ చివరికీ ఈ చివరికీ పరిగెడుతూనే ఉంటుంది. పళ్ళెం బయటి అంచు వేగంగా, లోపలి అంచు దాదాపు సగం వేగంతో నడుస్తుంది. మొదటి పార్టిషన్ బయటి అంచున, చివరిది లోపల పడుతుంది. కాబట్టి ఒకే డిస్కయితే రెండు పార్టిషన్లకు మించొద్దు. క్యాష్‌ను వేరే డిస్కులో, వీలైతే ఎస్‌ఎస్‌డీలో పెట్టండి.

లినక్స్ సర్వరుంటే

కాలేజీ ల్యాబుల్లో, కొన్ని ఆఫీసుల్లో ఎక్స్‌ట్4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్ నడుస్తుంది. డిఫాల్ట్‌గా ఉండే రెల్‌ఎటైమ్ (ఫైలు తెరిచిన సమయాన్ని అప్పుడప్పుడే రాయడం) చాలావరకు సరిపోతుంది. చిన్న ఫైళ్ళు విపరీతంగా చదివే డిస్కుకు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (డిస్కులను ఎలా కలపాలో రాసే ఫైలు) నోఎటైమ్, అంటే ఆ సమయం అసలు రాయవద్దన్న మాట, చేర్చండి. చేర్చాక రీస్టార్ట్ చేసేముందు ఫైండ్‌ఎంఎన్‌టీకి వెరిఫై ఇచ్చి తప్పుల్లేవని చూసుకోవాలి. ఒక్క అక్షరం తప్పినా సర్వరు ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

ఎక్స్‌ట్4 ఐదు శాతం చోటు రూట్ (అడ్మినిస్ట్రేటర్) కోసం పక్కన పెడుతుంది. 4 టీబీల డేటా డిస్కులో అది 200 జీబీలు. ట్యూన్‌టూఎఫ్‌ఎస్‌కు మైనస్ ఎమ్ 1 ఇచ్చి తగ్గించండి. సిస్టమ్ ఉన్న పార్టిషన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఎస్‌ఎస్‌డీకి మౌంట్‌లో డిస్కార్డ్ (చెరిపిన ప్రతిసారీ ట్రిమ్ పంపే ఎంపిక) కంటే వారానికోసారి నడిచే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్ మేలు. రాతలను డిస్కు మీదికి దించే వ్యవధి కమిట్, దాని డిఫాల్టు 5 సెకన్లు. దాన్ని 60 చేయమంటే, కరెంటు పోతే నిమిషం రాతలు పోవడానికి ఒప్పుకున్నట్టే. బ్యారియర్‌ను సున్నా చేయడమంటే విండోస్‌లో ఆ రెండో టిక్ పెట్టడంతో సమానం. రెండూ వద్దు.

ఎస్‌ఎస్‌డీకి మార్చాక ఒక తనిఖీ

టాలీ కంప్యూటరులో సీ డ్రైవ్ ఇంకా హార్డ్ డిస్కే అయితే పైవన్నీ కలిపినా సాటా ఎస్‌ఎస్‌డీ ఇచ్చే మార్పు రాదు. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్ళెం, కావలసిన సెక్టారు హెడ్డు కిందికి రావడానికే సగటున నాలుగు మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఏ సెట్టింగూ దాన్ని తగ్గించలేదు. ఐతే పాత డిస్కును యథాతథంగా క్లోన్ చేసినప్పుడు పార్టిషన్ మొదలయ్యే చోటు కూడా పాతదే వస్తుంది. ఎక్స్‌పీ కాలంలో పార్టిషన్లు 63వ సెక్టారులో, అంటే 32,256 బైట్ల దగ్గర మొదలయ్యేవి. ఆ అంకె 4096తో భాగించబడదు. దాంతో ఒక్కో 4 కేబీ రాతా రెండు పేజీల మీద పడి ఎస్‌ఎస్‌డీ నెమ్మదిస్తుంది.

సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి కాంపొనెంట్స్, స్టోరేజ్, డిస్క్స్ చూడండి. 'పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్' మొదటి పార్టిషన్‌కు 10,48,576 ఉంటే సరిగ్గా ఉంది. ఏ పార్టిషన్‌కైనా ఆ అంకెను 4096తో భాగించినప్పుడు శేషం మిగిలితే క్లోన్ సాఫ్ట్‌వేర్‌లో అలైన్‌మెంట్ ఎంపిక పెట్టి మళ్ళీ క్లోన్ చేయండి, లేదా విండోస్ కొత్తగా వేసి డేటా మాత్రమే కాపీ చేసుకోండి. అంతదాకా పాత హార్డ్ డిస్కును చెరపకండి.